పక్షియు దాని నెలవును

సంక్రాంతికి ఇంట బొమ్మలకొలువు తీర్చునపుడు చేయి తిరిగిన పెద్దముత్తైదువ యొకతె వచ్చి, ఒక బొమ్మను జానెడు ప్రక్కకు జరిపి, మఱియొకదానిని కొంచెము వెనుకకు త్రోసి, మూడవదానిని ఒక మెట్టు క్రిందికి దింపినంతనే, అంతవఱకు కుప్పపోసినట్లున్న కొలువు కళకళలాడుట మన సోదరీమణులందఱు చూచినదే. ఒక బొమ్మ మఱియొకదానిని మూయరాదు. పెద్దబొమ్మ ప్రక్కను చిన్నబొమ్మ చిన్నబోరాదు. ప్రతిదాని చుట్టును కొంత చోటు విడువవలెను. ఈ నియమములను మనకెవ్వరును పుస్తకము విప్పి చెప్పలేదు. చూచి చూచి కన్నే నేర్చుకొన్నది.

ఛాయాచిత్రమునందు కూర్పు అనునది యీ విద్యయే. భేద మొక్కటి కలదు. బొమ్మను మన మిచ్చవచ్చినట్లు జరుపవచ్చును, వనపక్షిని జరుపరాదు. కొలువులో మనము నిలిచి బొమ్మలను కదల్తుము. పక్షిచిత్రమునందు పక్షి తన పనిలో తానుండును, మనమే కదలవలెను. ఈ యొక్కమాట మఱచి మేమొకప్పుడు చేసిన తప్పును గూడ ఈ వ్యాసమున దాచక చెప్పదలచితిమి.

ఇది యంతయు మన కేల యని కొందఱు సోదరీమణు లనవచ్చును. ఇప్పుడు కెమెరా లేని యిల్లు లేదు. చేతిఫోనులోనే యది కలదు. పిల్లల పుట్టినరోజులు, పెండ్లిండ్లు, తీర్థయాత్రలు అన్నియు మనమే తీయుచున్నాము. పెరటి గోరింకను, చెఱువుగట్టు కొంగను తీయుటకు క్రొత్తగా కొనవలసినది చాల తక్కువ. నేర్చుకొనవలసినది మాత్రము కొంత యున్నది.

ఈ విద్యకు దారి తీసినవారు

పూర్వము పక్షుల చిత్రము లనిన చంపి తెచ్చిన పక్షులను ముందుంచుకొని వ్రాసినవే యెక్కువ. ఇంగ్లండులో రిచర్డు కేర్టను, చెఱ్ఱీ కేర్టను అను అన్నదమ్ములు 1892వ సంవత్సరమున ఒక పిట్టగూటిని గ్రుడ్లతోకూడ, అది యున్నచోటనే ఫోటో తీసిరి. ఆ కాలపు కెమెరా పెద్ద పెట్టె, దానిలో గాజుపలకలు, మోయుటకు మూడుకాళ్ల కఱ్ఱపీట. పక్షులు తమ్ము చూచి బెదరకుండుటకై వారు ఒక యెద్దుతోలును బోలుగా నిలిపి, దాని కడుపులో దూరి గంటలకొలది కూర్చుండిరట! నవ్వు పుట్టించు సంగతియే గాని, పక్షిని తమ యొద్దకు తెచ్చుటకు మాఱు తామే పక్షి యున్న తావునకు తగినట్లు మాఱవలెనన్న బుద్ధి అందు గలదు.

స్త్రీలు గర్వింపదగిన పేరొకటి చెప్పెదము. ఎమ్మా లూయిసా టర్నరు 1867లో పుట్టి 1940లో గతించిన యాంగ్లవనిత. 1900వ సంవత్సరమున రిచర్డు కేర్టనును కలిసికొన్న పిదప ఆమె కెమెరా చేతబట్టెను. నార్ఫోకు మండలమున హిక్లింగు సరస్సుపై ఒక పడవయింటిలో, రెల్లుదుబ్బుల నడుమ, ఏటేట చాల దినములు కాపురముండి అచ్చటి పక్షులను తీసెను. బిట్టర్ను అను నొకజాతి కొంగ బ్రిటనులో గూడుకట్టుట మానివేసి చాలయేండ్లు గడచెను. 1911లో ఆమె రెల్లులో ఆ పక్షిపిల్లను కనుగొని ఫోటో తీయగా, ఆ జాతి మరల అచ్చట పిల్లలను పెంచుచున్న దనుటకు అదే సాక్ష్యమయ్యెను. బిట్టర్ను బెదరినపుడు ముక్కును నిటారుగా నెత్తి, మెడమీది చాఱలు రెల్లుకాడలతో కలిసిపోవునట్లు నిలుచును. కావున రెల్లును తీసివేసి యా పక్షిని మాత్రమే చూపినచో దాని కథలో సగము పోయినట్లే. పక్షియు దాని నెలవును వేఱుగావని యీ చిత్రమే మనకు చెప్పుచున్నది.

మన దేశమునకు చెందిన దృష్టాంతమును చూతము. కలివికోడి యను పక్షిని 1848లో జెర్డను అను వైద్యుడు లోకమునకు తెలియజేసెను. 1900 తరువాత అది కంటబడకపోగా నశించెననియే తలచిరి. 1986లో కడప ప్రాంతపు లంకమల కొండలదాపున మరల దొరకెను. రాత్రివేళ తిరుగు పక్షి గనుక, పిమ్మట పరిశోధకులు మెత్తని మన్ను పఱచి అడుగుజాడలు చూచియు, తమంత తామే తీయు కెమెరాలను పొదలలో నమర్చియు దానిని వెదకిరి. పొదలు మఱీ దట్టముగాగాని మఱీ పలుచగాగాని యుండక, నడుమనడుమ వట్టినేల గల తావులే దాని కిష్టమని తేలెను. అట్టి పక్షి చిత్రములో ఆ పొదలు, ఆ నేల కనబడవలెనా, వలదా? పక్షిని కాపాడుట యనగా ఆ పొదలను కాపాడుటయే కదా!

కన్ను, వెలుతురు, చోటు

ఇక కూర్పును గూర్చి చెప్పుదము. మొట్టమొదట చూడవలసినది పక్షికన్ను. కన్ను స్పష్టముగా నుండినచో ఱెక్క కొంచెము మసకబాఱినను చిత్రము నిలుచును. కన్ను మసకయైనచో తక్కినదంతయు ఎంత చక్కగా నున్నను ప్రాణములేని బొమ్మయే యగును. కంటిలో వెలుగుచుక్క యొకటి మెఱయునట్లు సూర్యుని వైపు తల త్రిప్పువఱకు వేచియుండవలెను. పక్షికంటి యెత్తునకు మన కెమెరా దిగవలెను. నిలువుగా నిలిచి నేలమీది పిట్టను తీసినచో పై నుండి బుట్టలోనికి తొంగిచూచినట్లుండును. అదే మనము నేలపై చదికిలబడినను, బోర్లపండుకొన్నను, దాని లోకము దాని యెత్తున మనకు కనబడును. చీర మట్టియగుట తప్పదు.

వెలుతురునకు ప్రాతఃకాలమే మేలు. ప్రొద్దుపొడిచిన తరువాత రెండుగంటలు, క్రుంకుటకు ముందు గంటన్నర, యివియే వెల గల గడియలు. అప్పుడు కిరణములు ఏటవాలుగా పడి ఈకల పొరలను తేర్చి చూపును. మిట్టమధ్యాహ్నము తలపై ఎండ, కడుపుక్రింద నీడ. అందమైన పక్షియు కందినట్లుండును. ఎండ మన వీపునకు తగులుచుండగా తీయుట సుళువు. ప్రక్కనుండి వచ్చు వెలుగు ఈకల నిగ్గు చూపును. ఎదురువెలుగులో రంగులు పోవును గాని పక్షి యంచున బంగారుజరీ కట్టినట్లగును. ఏది కావలయునో ముందుగా తలచుకొని నిలుచుచోటు ఎన్నుకొనవలెను.

తెల్లపక్షుల విషయమున నొక చిక్కు కలదు. నల్లని నీటిలో నిలిచిన తెల్లకొంగను తీసినపుడు కెమెరా ఆ నలుపును చూచి మోసపోయి వెలుతురును హెచ్చించును. కొంగ సున్నపుముద్దవలె నగును, ఒక్క ఈక తెలియదు. అప్పుడు చేతితో వెలుగును కొంచెము తగ్గింపవలెను. వెలుగుగా నున్న ఆకాశము నెదుట కూర్చున్న ఏట్రింతకు ఇందుకు విరుద్ధముగా వెలుగును హెచ్చింపవలెను. చేతిఫోనులలోను ఈ సదుపాయము కలదు. తెరపై తాకి వ్రేలితో పైకి క్రిందికి జరిపిన చాలును.

కూర్చున్న పక్షికి సెకండులో 500వ వంతు కాలము సామాన్యముగా చాలును. ఎగురు చిన్నపిట్టకు 2000వ వంతైనను కావలయును. గూడబాతువంటి పెద్దపక్షి నెమ్మదిగా ఱెక్కలు కొట్టును గనుక 1000వ వంతుతో కుదురును. దూరపు పక్షులకు 400 మిల్లీమీటర్ల కటక ముండుట మంచిది. కాని, అది లేనివారు నిరాశ పడనక్కఱలేదు. కటకము చిన్నదైనచో పక్షియు చిన్నదిగా పడును. చుట్టుప్రక్కలు పెద్దవిగా పడును. మన వ్యాసమునకు అదియే కావలసినది!

ఇక చోటు సంగతి. పక్షి యెటు చూచుచున్నదో అటు ఎక్కువ చోటు విడువవలెను. ముక్కునకెదుటనే చిత్రపుటంచు వచ్చినచో పక్షి గోడకు ముఖము పెట్టి నిలిచినట్లు తోచును. ఎగురుపక్షికి ముందు ఇంకను ఎక్కువ విడువవలెను. అది పోవుటకు దారి కావలయును గదా! పక్షిని నట్టనడుమ పెట్టుటకంటె ఒక ప్రక్కగా, చిత్రమున మూడవవంతు చోట పెట్టినచో కన్ను ఆ పక్షినుండి బయలుదేఱి దాని నెలవంతయు తిరిగివచ్చును. నీటిపక్షికి ప్రతిబింబము పూర్తిగా పడునట్లు క్రింద చోటు విడువుడు. నీటియంచు పక్షి మెడమీదుగా పోకుండ కెమెరాను కొంచెము పైకో క్రిందికో జరుపుడు. మెడను గీత కోసినట్లుండు చిత్రము చూచుటకు బాధ కలిగించును.

గుంపుగా నున్నపుడు బొమ్మలకొలువు నియమమే జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తల తలను మూయకుండ, ప్రతి ముక్కు వేఱుగా తెలియునట్లుండు క్షణమునకై వేచియుండుడు. ఇరువది పక్షులలో పందొమ్మిది యొకవైపు చూచుచుండగా ఒక్కటి యిటు తిరిగినచో చూచువారి కన్ను దానియందే నిలుచును. దానిని ఎక్కడ నుంచవలెనో తెలిసినచో చిత్రము సగము కుదిరినట్లే.

వెనుకటి తెరను మఱువరాదు. పక్షి తలవెనుక కొమ్మ మొలచినట్లున్నను, తెల్లని ఆకాశపుముక్క యొకటి కన్నులో గ్రుచ్చుచున్నను, మన మొక యడుగు ప్రక్కకు వేసిన చాలును, అది తొలగిపోవును. వెనుకదంతయు మసకచేసి పక్షిని మాత్రమే తేల్చుట నేటివారి కెక్కువ ప్రీతి. అట్టివి అందముగానే యుండును. కాని, అన్నియు నట్టివే యైనచో పాలపిట్ట జొన్నచేని దైనను, దీపపుస్తంభముమీది దైనను ఒకటే యగును. కటకపుద్వారమును కొంత మూసి తీసినయెడల వెనుకనున్న చేను, గట్టు, తాటిచెట్టు ఆనవాలు పట్టునంతగా తేఱును. లకుముకిపిట్టకు ఏటిగట్టు కన్నము, గిజిగానికి ఈతమట్ట, తీతువునకు రాళ్లనేల: ఇవి వాని చిరునామాలు.

నేలపట్టులో నొకదినము

ఈ మాటలు మాకు మొదటినుండి తెలియునని తలపకుడు. తిరుపతి జిల్లాలో దొరవారిసత్రము దాపున నేలపట్టు అను పక్షిశరణాలయము కలదు. అది 1976లో ఏర్పడెను. అచ్చటి చెఱువునీటిలోనే నిలిచి పెరుగు చెట్లపై గూడబాతులు చలికాలమున వేలకొలదిగా గూండ్లు కట్టును. నత్తగుల్లకొంగలు, తెల్లకంకణములు, నీటికాకులును వానితో పొత్తుగా కాపురముండును. పురిటికి పుట్టినిల్లు చేరిన ఆడుబిడ్డలతో నిండిన లోగిలివలె ఆ చెట్లు రాత్రింబవళ్లు గోలగోలగా నుండును.

ఒక పుష్యమాసమున మేము ఎరవు తెచ్చుకొన్న పెద్దకటకముతో అచ్చటికి పోయితిమి. తెల్లవాఱకముందే కావలిమంచె యెక్కి కూర్చుంటిమి. మంచు విడినది మొదలు గంటసేపు ఎడతెగక తీసితిమి. ముక్కుమీది చుక్కలు, క్రింద వ్రేలాడు సంచి, పసుపురంగు కన్నుచుట్టు, అన్నియు లెక్కపెట్టునంత స్పష్టముగా పడెను. మేము మురిసిపోవుచుండగా మంచెక్రింద నున్న ముసలి కావలివాడు పైకి వచ్చి చూపుమని యడిగెను. ఒక్కొక్కటియే చూపితిమి. అతడు తలయూచుచు అన్నియు చూచి, "పిట్టల్ని బాగా తీస్తిరమ్మా. మా చెరువేదీ ఇందులో?" అనెను.

మేము మరల చూచుకొంటిమి. ఒక్క చిత్రమునందైనను నీరు లేదు, చెట్టు లేదు, ప్రక్కనున్న మఱియొక గూడు లేదు. ఆనవాలుచీటీపై నంటించుటకు తీసిన ముఖములవలె నున్నవి. జంతుప్రదర్శనశాలలో తీసితిమని చెప్పినను ఎవ్వరును కాదనజాలరు.

ఆ పూట మిగిలిన కాలమున తీసినవి మూడే చిత్రములు. మొదటిదానిలో ఒక గూడబాతు పుల్లయొకటి నోట గఱచుకొని గూటికి దిగుచున్నది. అది చిత్రములో నొకమూల; మిగిలిన చోటంతయు అది దాటివచ్చిన నీరు. రెండవదానిలో పిల్ల తల్లిముక్కు సంచిలో మెడవఱకు తల దూర్చి మేత తినుచున్నది. రెండు కొమ్మల పంగ ఆ తల్లిపిల్లలకు ద్వారబంధమువలె నమరెను. ఇందుకై మేము మంచెపై ఆ కొసనుండి ఈ కొసకు అయిదాఱు మాఱులు జరుగవలసివచ్చెను. మూడవదానికి కటకము మార్చి, చెట్లవరుస, దాని నీడ, పైనున్న ఆకాశము మొత్తము తీసితిమి. పక్షులు తెల్లచుక్కలే, ముగ్గులోని చుక్కలవలె చెట్లనిండ పఱచుకొని యున్నవి. నీటిమీద ఒక్కటి మాత్రము ఒంటరిగా ఈదుచు వచ్చువఱకు నలువది నిమిషములు కనిపెట్టుకొని యుంటిమి. ఈ మూడవదానిని చూచి కావలివాడు, "ఇదమ్మా మా ఊరు!" అనెను.

ఆ రెండవ చిత్రమున తల్లిఱెక్కకు అడ్డముగా నొక యాకుల రెమ్మ పడెను. కొంచెము ముందునకు పోయినచో ఆ రెమ్మ తప్పును. దగ్గఱకు పోనిత్తువా యని మే మడిగితిమి. అతడు వెంటనే, "దగ్గరకు పోతే తల్లి లేస్తుంది. తల్లి లేస్తే కాకి దిగుతుంది. వద్దమ్మా" అనెను. ఆ మాటకు మేము మాఱుపలుకలేకపోతిమి. ఏలయన అది మాకు తెలిసిన సంగతియే. తెలిసికొన్న విధమును ఇక చెప్పవలెను.

మేము చేసిన తప్పు

అంతకు కొన్నియేండ్లకు ముందు మా వాకిటి సన్నజాజిపందిరికి ఒక తేనెపిట్ట గూడు కట్టెను. సాలెపట్టు, బెరడుపొట్టు, ఎండుటాకు తునుకలు తెచ్చి ఆడుపిట్ట ఒక్కతెయే ఆ గూటిని సంచివలె నల్లి, ప్రక్కద్వారముపై వాన పడకుండ చిన్నచూరు కూడ దించెను. దూరమునుండి చూచువారికి అది తీగకు చిక్కిన చెత్తవలె నుండును గాని గూడని తోపదు. రెండు పిల్లలు లేచెను. మగపిట్టయు మేత తెచ్చుచుండెను.

మేము అప్పుడే కెమెరా కొంటిమి. గూటియెదుట రెండు రెమ్మలడ్డముగా నుండెను. వెలుతురు లోనికి పడుటలేదు. పుస్తకములో చదివిన "అడ్డులేని కూర్పు" మా బుఱ్ఱలో తిరుగుచుండెను. ఒక రెమ్మను దారముతో ప్రక్కకు కట్టితిమి. రెండవదానిని కత్తెరతో త్రుంచితిమి. పావుగంట గడువకమున్నే కోరిన చిత్రము దొరకెను: తల్లి గాలిలో నిలిచియున్నది, రెండు పసుపునోళ్లు ద్వారమున తెఱచియున్నవి, ఉదయపుటెండ మూటిపైనను పడుచున్నది. ఆ సంతోషములో దారము విప్పుటయే మఱచితిమి. విప్పినను త్రుంచిన రెమ్మ అతుకదు.

మఱునాడు మధ్యాహ్నము కాకుల యఱపు విని వాకిటికి పరుగెత్తితిమి. గూడు నిలువున చీలి వ్రేలాడుచుండెను. పిల్లలు లేవు. ఆడుపిట్ట రెండుదినములు నోట మేత పట్టుకొని ఆ తీగచుట్టు తిరిగెను. మూడవనాటినుండి కనబడలేదు.

సిగ్గువిడిచి చెప్పుచున్నాము: అంత జరిగినను ఆ చిత్రమును పటము కట్టించి ముందుగదిలో తగిలించితిమి. చూచినవారందఱు మెచ్చుకొనిరి, పట్టణమున నొక ప్రదర్శనమునందు బహుమానము కూడ వచ్చెను. వేసవిసెలవులకు వచ్చిన మా మేనకోడలు, ఎనిమిదేండ్లది, దానిని చాలసేపు చూచి, "అత్తా! గూడు ఇంత బాగా కనబడుచున్నదే, మఱి కాకికి కనబడలేదా?" అని యడిగెను. మేము జవాబు చెప్పలేదు. ఆ రాత్రి పటమును దింపితిమి.

గూటియెదుట నున్న ఆకు మన చిత్రమునకు అడ్డు, పక్షికి తలుపు. ఎండకు తెర, కాకికి గోడ, వానకు చూరు, అన్నియు అదియే. దానిని తొలగించి తీసిన చిత్రములో కనబడునది పక్షి నెలవు కాదు. మనము చెఱచిన నెలవు.

పాటింపవలసినవి

మనవలె పొరబడినవారు తొలినుండియు గలరు. గూండ్లచెంతకు చేరుటలో అపాయము మనుష్యునకును కలదు: 1937లో ఎరికు హాస్కింగు అను ప్రసిద్ధుడైన ఆంగ్లచిత్రకారుని కన్నొకటి, గూటిని కాచుకొనుచున్న గుడ్లగూబ గోళ్లకు పోయెను. అయినను పక్షికి కలుగు నష్టము దానికంటె చాల హెచ్చు. అందువలననే నేడు పెక్కు పత్రికలును పోటీలును గూటివద్ద తీసిన చిత్రములను స్వీకరించుట మానినవి. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము వనపక్షుల గ్రుడ్లను చెఱచుటయే గాక, గ్రుడ్లను గూండ్లను కలవరపెట్టుటను గూడ వేటక్రిందనే జమకట్టినది. శరణాలయములలో ఫోటోలు తీయుటకు అటవీశాఖవారి యనుమతి పొందవలెను.

చట్టము మాట యటుండనిండు. కెమెరా పట్టిన సోదరి తెలిసికొనవలసిన గుఱుతులు కొన్ని కలవు. పక్షి చేయుచున్న పని మాని మనవైపే చూచుచున్నదన్న, మన మప్పటికే ఎక్కువ దగ్గఱకు వచ్చితిమని యర్థము. మఱి రెండడుగులు వేయక అచ్చటనే కూర్చుండవలెను; పక్షి మరల మేతకు దిగినచో సరి, లేనియెడల వెనుకకు తగ్గవలెను. నోట మేత పట్టుకొని కొమ్మకొమ్మకు దుముకుచు ఎంతకును లోనికి పోనిదైనచో, దాని గూటికిని దానికిని నడుమ మనము నిలిచినామని తెలిసికొని తప్పుకొనవలెను. యంత్రములో దాని కూతను మ్రోగించి పిలువరాదు. తన తావున మఱియొక పక్షి వచ్చినదని భ్రమపడి మేతయు పిల్లలను మాని అది పోరునకు వచ్చును. రాయి విసరి గుంపును లేపి తీసిన "ఎగురు చిత్రము" మెచ్చుకొనదగినది కాదు. ఎంతో దూరమునుండి వచ్చి అలసిన పక్షుల బలమును మన వేడుకకై వ్యర్థము చేయుటయే యది. అరుదైన పక్షి యెచ్చట నున్నదో ఊరు పేరుతో చాటరాదు. చూచువారందఱు మంచివారు కారు.

నేర్చుకొన గోరువారు దూరము పోనక్కఱలేదు. వేసవిలో పెరటిలో వెడల్పు మూకుడునిండ నీరు పోసి, పొదకు సమీపముగా, పిల్లి పొంచలేని చోట ఉంచుడు. దినమును నీరు మార్చుడు. గోరింకలు, పికిలిపిట్టలు, పిచ్చుకలు వాడుక పడును. కిటికీలోపల కూర్చుండి ఒక్క పిట్టనే నెలదినములు తీయుడు. పక్షి చిత్రములో పదవవంతుకంటె మించకుండ పదిచిత్రములు తీయవలెనని పంతము పట్టుడు. అప్పుడు మన పెరటిగోడ, నూతిగిలక, దండెముమీది చీర, మునగపూత, ఇవన్నియు పిట్ట కథలో పాత్రలగును. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. కదలక పావుగంట కూర్చుండుట వారికి ఇంతకంటె బాగుగా నేర్పునది లేదు.

నేలపట్టునుండి తిరిగివచ్చిన మఱుసటి యేడు ఆ సన్నజాజిపందిరికే మరల తేనెపిట్ట గూడు కట్టెను. అదే పిట్టయో, వేఱొకటియో మేము చెప్పలేము. ఈసారి మేము వాకిటిలోనికి కెమెరా తేలేదు. ముందుగది కిటికీ తెఱనడుమనుండి, ఉన్న ఆకులను ఉన్నట్లే విడిచి, రోజున కొకటి రెండు మాత్రమే తీసితిమి. గూడు సగము ఆకులవెనుక దాగినది. తల్లిపిట్ట వీపు, ఒక పసుపునోరు, వంగిన తీగ, రెండు జాజిమొగ్గలు, కనబడునది అంతే. బహుమానమునకు పంపదగినది కాదు. పదునైదు దినములకు రెండు పిల్లలును ఎగిరిపోయెను.

మా మేనకోడలు ఆ చిత్రమును తన చదువుబల్లమీద పెట్టుకొన్నది. గూడెక్కడ అని ఎవరైన నడిగినచో, వెదకుకొమ్మని చెప్పుచున్నదట.